పరిహారము హక్కే – అబద్ధము హక్కు కాదు



గత వర్షాకాలములో మా సంఘములోని ఒక యువకుడు రాత్రి పొద్దుపోయాక పని నుండి ఇంటికి వస్తూ, ఊరి బయట కల్వర్టు దగ్గర మోటారుసైకిలు జారి పడిపోయాడు. కాలు విరిగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు, వెనుక నుండి ఎవరూ గుద్దలేదు. మూడవ రోజున మేము ఆస్పత్రికి పరామర్శకు వెళ్లేసరికి మంచము ప్రక్కన తెల్లచొక్కా తొడుక్కున్న పెద్దమనిషి ఒకరు కూర్చుని ఉన్నారు. బంధువేమో అనుకున్నాము. కాదు, కేసులు కుదిర్చే మధ్యవర్తి.

"బండి దానంతట అదే జారిందంటే మీకు పైసా రాదమ్మా. కారు గుద్దిందని చెప్పండి. కారునూ డ్రైవరునూ నేను చూసుకుంటాను. కళ్లారా చూశానని చెప్పే మనిషిని మాత్రం మీ వాళ్లలోనుంచే పెట్టండి. వచ్చినదానిలో మూడో వంతు నాకు" అని ఆయన ఆ తల్లితో చెబుతున్నాడు. ఆయన వెళ్లిన తరువాత ఆమె మావైపు తిరిగి, "ఏం చేయమంటారు అయ్యగారూ? కంపెనీ సొమ్మే గదా, ఎవరి నోటి దగ్గర కూడూ కాదు గదా!" అన్నది.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటిలో సంపాదించే చేయి ఒక్కటే, అది మంచము మీద ఉన్నది. అప్పు అప్పటికే మొదలైంది. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ తెలుసుకున్న సంగతులనే ఇక్కడ వ్రాస్తున్నాము.

చట్టము ఇచ్చిన హక్కు

మొదట ఒక మాట. ప్రమాదములో దెబ్బతిన్నవారు పరిహారము అడగడము తప్పు కాదు, దురాశ కాదు. అది చట్టము ఇచ్చిన హక్కు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారం రోడ్డు మీద తిరిగే ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. మన బండి వలన ఇతరులకు ప్రాణనష్టమో గాయమో కలిగితే వారికి చెల్లించేందుకే ఈ బీమా. బాధితులు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకుంటారు. మరణానికి, గాయాలకు ఇచ్చే పరిహారానికి ఇంతకు మించరాదన్న హద్దు చట్టములో లేదు.

లెక్క ఎలా కడతారో చూడండి. 32 ఏండ్ల తాపీమేస్త్రి నెలకు 12,000 రూపాయలు సంపాదిస్తూ లారీ క్రింద పడి చనిపోయాడనుకుందాము. అతని మీద ఆధారపడినవారు నలుగురు. ఏడాది సంపాదన 1,44,000. ముందుముందు పెరగవలసిన సంపాదన క్రింద 40 శాతము కలిపితే 2,01,600. అతని సొంత ఖర్చుల క్రింద నాలుగవ వంతు తీసివేస్తే 1,51,200. ఆ వయస్సుకు నిర్ణయించిన గుణకము 16. మొత్తము 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనము. సుప్రీంకోర్టు 2009లోను, 2017లోను ఇచ్చిన తీర్పులతో ఈ లెక్క దేశమంతటా ఒకటే అయినది.

ఈ సంగతి తెలియక లారీ యజమాని చేతిలో పెట్టిన కొద్దిపాటి సొమ్ముతో రాజీపడిన విధవరాండ్రు మన పల్లెల్లో లేకపోలేదు. హక్కును వదులుకోమని మేము ఎవరికీ చెప్పము. వదులుకోకూడదనే చెబుతాము.

ఆ సొమ్ము ఎవరిది?

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. కంపెనీ సొమ్ము అంటే ఎవరి సొమ్ము?

మన సంఘాలలో పిడికెడు బియ్యము పద్ధతి అందరికీ తెలిసినదే. వంటకు ఎసరు పెట్టేటప్పుడు తల్లి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఇంటింటి పిడికెళ్లు కలిస్తే బస్తా అవుతుంది. బీమా కూడా అలాంటి కుండే. ఆటో నడుపుకునేవాడు, ట్రాక్టరున్న రైతు, పాలబిందెలు మోసే మోటారుసైకిలు వాడు, అందరూ ఏటేటా తలా పిడికెడు వేస్తారు. ఎవరి బండి వలననైనా ఎవరికైనా ఆపద వస్తే ఆ కుండలో నుండి తీసి ఇస్తారు. కంపెనీ ఆ కుండకు కాపలాదారు మాత్రమే, లాభము కోరే కాపలాదారు. కుండ తరిగితే కాపలాదారు తన ఇంటి బియ్యము తెచ్చి పోయడు, ప్రతి ఇంటికీ పిడికిలి పెంచమంటాడు.

థర్డ్ పార్టీ ప్రీమియము రేటును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అంతవరకు చెల్లించిన క్లెయిముల భారము ఎంత అన్నదే ఆ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారము. 75 నుండి 150 సీసీ మోటారుసైకిలుకు 2019లో ఏడాదికి 752 రూపాయలుండగా, 2022 జూన్ 1 నుండి 714 రూపాయలుగా నిర్ణయించారు. పన్ను అదనము. అంటే రేటు పెరగడమే గాని తగ్గడము లేదనుకోవడము సరి కాదు. అయితే కుండలోనుండి అబద్ధముతో తీసిన ప్రతి రూపాయీ ఆ లెక్కలో నిజమైన క్లెయిములాగానే చేరుతుంది. తగ్గవలసినంత తగ్గకపోవడానికి, పెరగకూడనంత పెరగడానికి అదీ ఒక కారణమే.

అబద్ధము పెరిగితే ఏమవుతుంది?

ఉత్తరప్రదేశ్‌లో జరిగినది చూడండి. దొంగ ప్రమాద క్లెయిములు మితిమీరాయని 2015లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. 2021 నాటికి 1,376 అనుమానాస్పద క్లెయిములు ఆ బృందము ముందుకు వచ్చాయి. దర్యాప్తు ముగిసిన 246 కేసులలోనే 166 మందిపై నేరము జరిగినట్లు ప్రాథమికంగా తేలినదని సుప్రీంకోర్టుకు తెలిపారు. వారిలో దరఖాస్తుదారులే గాక న్యాయవాదులు, పోలీసులు, వైద్యులు, బీమా ఉద్యోగులు, వాహన యజమానులు, డ్రైవర్లు కూడా ఉన్నారు.

ఇది ఒక్క మన దేశపు రోగము కాదు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతాలలో కారు వెనుకనుండి కారు తగిలితే మెడ బెణికిందని క్లెయిము వేయడము పెద్ద వ్యాపారమైపోయినది. ఆ నొప్పి ఎక్సరేలో కనబడదు, కాదని రుజువు చేయడము కష్టము. ఇలాంటి గాయాల కేసులు తెచ్చినవారికి న్యాయవాదులు కమీషను చెల్లించడాన్ని 2013 ఏప్రిల్‌లో నిషేధించారు. 2021 మే 31 నుండి అలాంటి గాయాలకు ప్రభుత్వమే రేటు కట్టింది. మూడు నెలలలోపు తగ్గే నొప్పికి అప్పుడు నిర్ణయించినది 240 పౌండ్లు. వైద్యుని నివేదిక లేకుండా రాజీ కుదుర్చుకోవడము కూడా నిషేధమైనది. అబద్ధాలాడినవారిని ఆపడానికి తెచ్చిన ఆ కట్టడి వలన నిజముగా మెడ తిప్పలేక బాధపడినవారికీ పరిహారము తగ్గిపోయింది.

అదే అసలు నష్టమని మా అభిప్రాయము. ప్రీమియములో పది, ఇరవై రూపాయలు పెరిగితే ఎలాగో భరిస్తాము. కాని అబద్ధపు కేసులు పెరిగినకొద్దీ ప్రతి కేసునూ అనుమానముతో చూస్తారు. ఎఫ్.ఐ.ఆర్. రెండు రోజులు ఆలస్యమైతే "బండిని తరువాత తెచ్చి పెట్టారు" అని వాదిస్తారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ చంకలో బిడ్డతో వాయిదాల మీద వాయిదాలు తిరుగుతుంది. దొంగ క్లెయిము వేసినవాడు దోచినది కంపెనీని కాదు, ఆ విధవరాలి కాలాన్ని, ఆమె మాటకున్న విలువను.

సాక్షిగా నిలబడే పొరుగువాడు కూడా ఒకటి తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం న్యాయస్థానములో అబద్ధ సాక్ష్యానికి 7 ఏండ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. మధ్యవర్తి ఆ పత్రము మీద తన పేరు వ్రాయడు. వ్రాసేది మన పేరు.

కుటుంబాలు తెలుసుకోవలసినవి

ప్రమాదము జరిగిన వెంటనే పోలీసులకు తెలియజేయండి. ఆస్పత్రిలో మొదట వ్రాయించే మాట ఉన్నది ఉన్నట్లు వ్రాయించండి. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమాల ప్రకారం పోలీసులు 48 గంటలలో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజులలో వివరమైన నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. క్లెయిము వేయడానికి ఆరు నెలల గడువు కూడా అదే రోజు నుండి వచ్చింది. ఆ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేసినప్పటికీ, ఆలస్యము చేయకపోవడమే మేలు.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే దొంగ బండిని వెతకనక్కరలేదు. అలాంటి కేసులకు చట్టములోనే దారి ఉన్నది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు.

వచ్చే పరిహారములో వాటా మాట్లాడుకోవడము న్యాయవాదులకు నిషిద్ధము. మూడో వంతు అడిగేవారు ఎవరైనా సరే దూరముగా ఉండండి.

మీ బండికి బీమా లేకుండా, లైసెన్సు లేని పిల్లవాని చేతికి ఇవ్వకండి. బీమా లేకపోతే పరిహారము యజమానే కట్టాలి, పొలము అమ్మయినా సరే. లైసెన్సు లేకపోతే కంపెనీ బాధితులకు చెల్లించినా యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చు. వ్యవసాయపు పాలసీ ఉన్న ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని ఎక్కించుకొని పెళ్లిళ్లకు, కూటాలకు వెళ్లేవారు కూడా ఆలోచించాలి. ఆ ప్రయాణికులకు ఆ పాలసీ సాధారణంగా వర్తించదు.

తనంతట తానే పడినవానికి థర్డ్ పార్టీ బీమా పనికిరాదు. అందుకే ముందుచూపు కావాలి. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షలు, శాశ్వతమైన పాక్షిక అంగవైకల్యానికి లక్ష రూపాయలు వస్తాయి. 18 నుండి 70 ఏండ్లలోపు, బ్యాంకు ఖాతా ఉన్నవారెవరైనా చేరవచ్చు.

ఆ ఇంటి సంగతి

మర్నాడు ఆ మధ్యవర్తి మళ్లీ వచ్చాడు. మేము పిడికెడు బియ్యము లెక్క చెప్పినప్పుడు ఆ తల్లి వింటూ ఊరకున్నది గాని, ఆమె మనస్సు తేల్చుకున్నది దానివలన కాదు. "కోర్టులో ప్రమాణము చేయిస్తారట గదా అయ్యగారూ. నా బిడ్డ ఏ మొగముతో చేస్తాడు?" అన్నది. ఆ పెద్దమనిషితో వద్దని చెప్పి పంపేసింది.

దానికి ప్రతిఫలముగా అద్భుతమేదో జరిగిందని వ్రాయలేము. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ క్రింద జరిగినా మందులకు, రాకపోకలకు చేసిన అప్పు మిగిలింది. అతని మోటారుసైకిలు పాలసీలో ఇతరులకే గాని తనకు రక్షణ లేదు. ఏడు నెలల తరువాత పనిలోకి వెళ్లాడు, ఇంకా కొద్దిగా కుంటుతున్నాడు. ఆ నెలలలో సంఘపు స్త్రీలు రెండు విడతలుగా బియ్యపు కుండను ఆ ఇంటికే పంపారు. యువకులు వంతులు వేసుకొని అతని చేను కోశారు.

అబద్ధము చెప్పవద్దని ఒకనికి బోధించినప్పుడు, నిజము చెప్పినందుకు వానికి కలిగిన నష్టములో మనమూ కొంత మోయాలి. లేకపోతే మన బోధకు బరువుండదు. ఆ ఇంటి అప్పులో ఇంకా కొంత మిగిలే ఉన్నది. వచ్చే పంట కానుకల సమయములో సంఘపెద్దలు ఆ సంగతి జ్ఞాపకము చేసుకుంటారని నమ్ముతున్నాము.