గడియారము వెనుక దీపము

రాత్రివేళ కారులో ప్రయాణించునపుడు చోదకుని యెదుటి పలకపై చిన్న గడియారము వెలుగుచుండుట మీరు చూచియుందురు. ఆ పలకనే డాష్‌బోర్డు అందురు. గడియారము వెనుకనున్న గోరంత బల్బు వెలుగుచున్నంతకాలము దాని నెవ్వరును తలంపరు. అది ఆరిపోయిన నాడు దాని విలువ తెలియును. రైలు వేళకు స్టేషను చేరవలసిన చోదకుడు గంట యెంతయైనదో కానరాక, చీకటిలో కన్నులు చిట్లించి గడియారమును చూచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు రెండు సెకనులలో 33 మీటర్లు సాగిపోవును. ఆ దూరమంతయు అతని చూపు బాటపై లేనట్లే గదా!

గడియారమును దాని దీపమును ఒకేచోట నున్నను, పెక్కు కార్లలో వానికి విద్యుత్తు వచ్చు త్రోవలు వేరు. కారు నిలిచియున్నను గడియారము నడువవలెను. కావున దానికి బ్యాటరీనుండి విద్యుత్తు ఎల్లప్పుడు అందుచుండును. దీపమునకు మాత్రము, కారు దీపములు వెలిగించినపుడే అందును. ఈ భేదము తెలిసినవాడు లోప మెక్కడనున్నదో విప్పకయే ఊహింపగలడు. పలకపైనున్న దీపములన్నియు ఒక్కసారి ఆరినచో ముందుగా ఫ్యూజును చూడవలెను. తక్కినవన్నియు వెలుగుచు, గడియారపు దీప మొక్కటియే ఆరినచో బల్బు చెడినదని సాధారణముగా తలంపవచ్చును.

బల్బు ఏల చెడును? దానిలో టంగ్‌స్టను లోహపు సన్నని తీగ యుండును. ఈ లోహము సుమారు 3,400 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి గాని కరుగదు. అయినను ఏండ్ల తరబడి కాగి వెలుగుచుండుటచే దాని పరమాణువులు కొంచెము కొంచెముగా ఆవిరియై గాజు లోపల నల్లగా పేరుకొనును. తీగ క్రమముగా సన్నబడి, ఒకనాడు తెగిపోవును.

బల్బును మార్చుటకు మునుపు కారును ఆపి, తాళపుచెవి తీసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. ఋణధ్రువమునే మొదట విప్పుమనుటకు కారణము కలదు. నేటి కార్లలో ఇనుప శరీరమంతయు ఋణధ్రువముతో కలిపియుండును. ధనధ్రువమును మొదట విప్పుచుండగా చేతిలోని పానా కారు శరీరమునకు తగిలినచో విద్యుత్తు అడ్డదారిని ప్రవహించి నిప్పురవ్వలు లేచును, చేయి కాలును. ఋణధ్రువమును ముందే వేరుచేసినచో ఆ భయ ముండదు. ప్రమాదవేళ ఉబ్బు గాలిసంచులున్న కార్లలో, తీగ విప్పిన పిదప కారుతో వచ్చిన పుస్తకమున చెప్పినంత సేపు ఆగవలెను.

తరువాత గడియారము చుట్టునున్న చట్రమును గీతలు పడకుండ మెల్లగా ఊడదీయవలెను. గడియారము వెనుక బల్బును పట్టియుంచు చిన్న హోల్డరు ఉండును. పలువిధములైన కార్లలో దానిని ఎడమవైపునకు కొంచెము త్రిప్పినచో బయటికి వచ్చును. అందుండి పాత బల్బును తిన్నగా లాగి, క్రొత్తదానిని అమర్చవలెను. కొన్ని బల్బులకు పచ్చని రబ్బరు తొడుగుండును. గడియారమునకు రంగునిచ్చునది ఆ తొడుగే. దానిని పారవేయక క్రొత్త బల్బునకు తొడుగవలెను. చట్రము బిగించుటకు ముందే తీగను మరల తగిలించి, దీపము వెలుగుచున్నదో లేదో చూచుకొనుట మేలు. పిదప ఆగిపోయిన గడియారమునకు వేళను సరిదిద్దవలెను.

క్రొత్త బల్బును ఎన్నుకొనుటలోనే చాలమంది పొరపడుదురు. 3 వాట్ల బల్బును, 5 వాట్ల బల్బును ఒకే హోల్డరులో ఇముడునవి కలవు. వెలుగు హెచ్చగును గదా యని పెద్దదానిని పెట్టినవాడు రెండువిధముల నష్టపడును. 12 వోల్టుల బ్యాటరీనుండి 3 వాట్ల బల్బు 0.25 ఆంపియరు విద్యుత్తును తీసికొనగా, 5 వాట్లది 0.42 ఆంపియరు తీసికొనును. ఆ హెచ్చు వేడిమికి ఇరుకుచోటనున్న ప్లాస్టిక్కు వంగవచ్చును. రెండవ నష్టము అంతకంటె పెద్దది. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. కన్నుల యెదుట తీవ్రమైన వెలుగున్నచో ఆ అలవాటు చెడును. అప్పుడు గడియారము చక్కగా కనబడును గాని, బాట ప్రక్కను దీపము లేక నడుచు మనిషి కనబడడు.

నేడు తీగ బల్బులకు మారుగా ఎల్.ఇ.డి. దీపములను పెట్టుచున్నారు. వీనిలో తెగిపోవు తీగ లేదు, వేడిమియు తక్కువ. నీలికాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఇట్టి దీపముగుండ విద్యుత్తు ఒక్క దిశలోనే ప్రవహించును. కావున అమర్చిన పిదప వెలుగనిచో, చెడినదని పారవేయక, త్రిప్పి పెట్టి చూడవలెను. అయితే ఇందును అతికాంతి తగదు.

ఆ దీపము గడియారమును చూపుటకు ఉన్నదే గాని, బాటను మరపించుటకు కాదు. పాత బల్బుపై ఎన్ని వాట్లని వ్రాసియున్నదో చదివి అంతే కాంతిగల దానిని పెట్టినవాడు, గడియారమును చూడగలడు, బాటసారిని కాపాడగలడు.