సమరయ స్త్రీ అడిగిన మొదటి ప్రశ్న

కోస్తా జిల్లాల మాల, మాదిగ పల్లెల్లో వారానికోసారి జరిగే బైబిలు కూడికను మన రాజకీయ విశ్లేషకులు పెద్దగా పట్టించుకోరు. హిందూత్వవాదులకు అది మతమార్పిడి కుట్ర. వామపక్షీయులకు కాలక్షేపం. అంబేద్కరిస్టుల్లోనూ చాలామందికి అదొక పాత బలహీనత. కానీ కూలి నుంచి తిరిగొచ్చిన దళిత స్త్రీలు ఒక గ్రంథాన్ని ముందు పెట్టుకొని, వారం తప్పకుండా, ఏళ్ల తరబడి కలిసి కూర్చునే చోటు పల్లెలో మరొకటి దాదాపు లేదు. అక్కడ ఏం చదువుతున్నారు, ఏం చదవకుండా దాటేస్తున్నారు అన్నది కులసమస్యను అధ్యయనం చేసేవారు అడగవలసిన ప్రశ్న.

ఒక్క అధ్యాయమే తీసుకుందాం. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలోని సమరయ స్త్రీ కథ కూడికల్లో తరచుగా వినిపించేదే. మిట్టమధ్యాహ్నం, యాకోబు బావి. నడిచి అలసిన యేసుకు దాహంగా ఉంది. చేదుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నీళ్లకు వచ్చిన స్త్రీని దాహం అడుగుతాడు. ఆమె వెంటనే నీళ్లు పోయదు. తన జాతి ఏమిటో, అతని జాతి ఏమిటో గుర్తుచేసి, ఈ అడగడమేమిటని నిలదీస్తుంది. ఇరు జాతుల మధ్య పొత్తు లేదని సువార్తికుడు అక్కడే ఒక వివరణ చేరుస్తాడు. ఆ వివరణలోని గ్రీకు క్రియకు 'కలిసి వాడుకోవడం' అన్నది మూలార్థం. ఒకే పాత్రను ఇరువురూ వాడరని అక్కడి భావమని కొందరు పండితుల వ్యాఖ్యానం. తెలుగు బైబిలు ఆ చోట 'సాంగత్యం' అన్న మాట వేసింది. సాంగత్యం లేకపోవడమంటే స్నేహం లేకపోవడం. పాత్ర కలవకపోవడమంటే అంటరానితనం. టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతి చూసినవారికి ఈ తేడా ఎవరూ వివరించనక్కరలేదు. కడవ ఆమెది. కాబట్టి ఆయన అడిగింది ఆమె కడవ నీళ్లు, ఆమె చేతి నీళ్లు.

ఇంత ఉన్న ఘట్టాన్ని బోధకులు చాలామంది రెండు నిమిషాల్లో దాటి ఆమె ఐదుగురు భర్తల దగ్గరకు వెళ్లిపోతారు. మిగిలిన గంటంతా ఆమె శీలం, పశ్చాత్తాపం, వింటున్న ఆడవాళ్ల నడవడిక. ఆ భర్తలు చనిపోయారో, ఆమెను విడిచిపెట్టారో కథ చెప్పదు. పశ్చాత్తాపపడమని యేసు ఆమెను అననూ లేదు. ఆరాధన ఏ కొండ మీద చేయాలన్నది రెండు జాతుల మధ్య తరాల వివాదం. దాన్ని ఆయన ముందు పెట్టింది ఆమే. ఆ వాదం చేయగల స్త్రీని వాక్యం చెప్పేవారు పాపిష్టిదానిగా మాత్రమే వాడకు పరిచయం చేశారు. ఇది అజ్ఞానం వల్ల జరిగిందనుకోను. కులం గురించి మాట్లాడితే సంఘంలో మాల మాదిగల తగాదా లేస్తుందన్న భయం బోధకుల్లో బలంగా ఉంది.

నీళ్లు, పాత్ర, కులం కలిసిన ఘట్టం మన చరిత్రలోనూ ఉంది. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకుడొకడు గేదెకు కుడితి పెట్టిన బకెట్టు కడిగాడు. వద్దన్నందుకు గొడవ మొదలైంది. నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ అడ్డుచెప్పి, కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్త. జూలై 17న పల్లె మీద దాడి జరిగి ఆరుగురు మాదిగలు హతమయ్యారు. మిగిలినవారు చీరాలకు పరుగెత్తారు. దళిత మహాసభ పుట్టింది ఆ నేపథ్యంలోనే. యోహాను నాలుగో అధ్యాయం వచ్చిన వారం కారంచేడు పేరు ఎత్తని కూడిక ఏ సువార్తను చదువుతున్నట్టు?

ఈ కూడికల పుట్టుకలో కులప్రశ్న దాచిపెట్టినది కాదు. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ దగ్గరకు వచ్చిన తొలి మాదిగల్లో ఎర్రగుంట్ల పేరయ్య ఒకడు. తోళ్ల వ్యాపారి, అంతకుముందే యోగుల దగ్గర శిష్యరికం చేసి, గురువులను ప్రశ్నించడం నేర్చినవాడు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని ఒంగోలు పైకులాలవారు హెచ్చరించినప్పుడు, క్లఫ్, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనిపించిందని ఆయన ఆత్మకథ చెబుతుంది. దేవుడు ఘనులను కాక తృణీకరించబడినవారిని ఎన్నుకున్నాడన్న భాగం అది. యాదృచ్ఛికమో, మహిమో పాఠకుల ఇష్టం. ఆ పుట చదివినందుకు ఆయన పైకులాలను వదులుకున్నాడన్నది చరిత్ర. తిండి కోసం మారారన్న నిందకు కూడా అక్కడే జవాబుంది. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించిన క్లఫ్, ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ వారసులకు రాజ్యం ఇచ్చిన జవాబు వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు; క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉండిపోయారు. కారంచేడు జరిగిన ఏడాదే, సెప్టెంబరులో, సూసై కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మద్రాసులో రోడ్డు పక్క చెప్పులు కుట్టే క్రైస్తవుడికి ప్రభుత్వం ఉచిత బంకు నిరాకరించింది. మతం మారాక కూడా అదే తీవ్రతతో కులబాధ ఉందనడానికి తగిన ఆధారాలు చూపలేదంటూ కోర్టు అతని వాదన తోసిపుచ్చింది. ఆంధ్రలో ఎస్సీ మూలాల క్రైస్తవులను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదంది. క్రైస్తవంలో కులం లేదు అని న్యాయస్థానం అంటే మనకు కోపం వస్తుంది. అదే మాట ప్రతి ఆదివారం వేదిక మీదినుంచి వింటాం. మతం మారినవారి స్థితిని పరిశీలించిన అంబేద్కర్, కులం చర్చిలోకీ వెంట వచ్చిందని ఎప్పుడో రాశారు.

ప్రసంగం బదులు ప్రశ్నతో చదివిన ఉదాహరణలు ప్రపంచంలో ఉన్నాయి. నికరాగువాలోని సొలెంతినామే దీవుల్లో కవి, పూజారి ఎర్నెస్టో కార్డెనాల్ 1966 నుంచి జాలర్లు, రైతులతో కలిసి ఆదివారం సువార్త చదివేవాడు. ఆయన ప్రసంగించేవాడు కాదు, అందరూ మాట్లాడేవారు. ఆ చర్చలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. నియంత సొమోజా సైన్యం 1977లో ఆ సమాజాన్ని ధ్వంసం చేసింది. పేదవాళ్లు సువార్తను తమ ఊరి సంగతిగా చదివితే అధికారం ఎంత భయపడుతుందో అక్కడి పాలకులు గ్రహించారు, మన బోధకులు గ్రహించలేదు.

నాలుగు సువార్తల్లో 28, 16, 24, 21 చొప్పున మొత్తం 89 అధ్యాయాలు. వారానికొకటి చదివితే ఏడాది ఎనిమిది నెలల పని. వరుసగా చదివితే నచ్చినవి ఏరుకోవడానికి, నచ్చనివి దాటడానికి వీలుండదు. మార్కు ఏడో అధ్యాయం వస్తుంది. బిడ్డ కోసం వచ్చిన సురోఫెనికయ స్త్రీకి యేసు ఇచ్చిన తొలి జవాబులో కుక్కపిల్లల పోలిక ఉంది. ఆమె ఆ పోలికనే తిప్పికొట్టి అడిగింది సాధించుకుంటుంది. అవమానపు మాట యేసు నోటినుంచే వచ్చినప్పుడు ఏం చేయాలని వాడ అడిగితే పాస్టరు దగ్గర సిద్ధంగా సమాధానం ఉండకపోవచ్చు. ఆ వారం ఊరి కుళాయి దగ్గర మాటలు పడ్డ స్త్రీలు ముందు మాట్లాడాలి, పాస్టరు వినాలి. ఆ చాప మీదికి సూసై తీర్పు ప్రతిని, కారంచేడు నిజనిర్ధారణ నివేదికలను తీసుకెళ్లగలవారు ఇవాళ విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో ఉన్నారు. వాళ్లలో కొందరి నాయనమ్మలు అక్షరాలు కూడబలుక్కున్నది ఆ కూడికల్లోనే.