ఫోన్ పిలిచింది... వెళ్లొచ్చా?

‘గల్ఫ్‌లో డ్రైవర్ ఉద్యోగం. వీసా ఫ్రీ. తిండి, గది కంపెనీవే. వెంటనే ఫోన్ చేయండి’... జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, రాయచోటి, కోనసీమ... గల్ఫ్ వలసలున్న ఊళ్లలో సెల్‌ఫోన్లకు ఇలాంటి మెసేజ్‌లు మామూలే. ఒకప్పుడు పరాయి దేశం వెళ్లాలంటే ఊళ్లోకొచ్చే ఏజెంటే దిక్కు. ఇప్పుడు అతని ముఖం కూడా చూడక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో ప్రకటన, వాట్సాప్‌లో పాస్‌పోర్టు కాపీ, ఫోన్లోనే డబ్బు చెల్లింపు... అంతా చిటికెలో!

దూరం తగ్గింది

ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూసే రోజులు పోయాయి. కువైట్‌లో ఉన్న తండ్రి ఇంట్లో పుట్టినరోజు వేడుకను వీడియోలో చూసి మురిసిపోతున్నాడు. క్యాంపు గదిలో పక్క మంచం మలయాళీది, ఎదురు మంచం నేపాలీది. వాళ్లతో మాట్లాడటానికి హిందీ, యజమానితో మాట్లాడటానికి నాలుగు అరబ్బీ ముక్కలు యూట్యూబ్‌లో నేర్చుకుంటున్నవాళ్లూ ఉన్నారు.

మోసమూ దగ్గరైంది

రష్యాలో మంచి జీతాలంటూ యూట్యూబ్ లాంటి మాధ్యమాల్లో ఆశపెట్టి, తీసుకెళ్లాక యుద్ధరంగంలోకి దింపిన ముఠా గుట్టును 2024 మార్చిలో సీబీఐ బయటపెట్టింది. అలా వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు ప్రాణాలే పోగొట్టుకున్నాడు. అదే ఏడాది, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి కంబోడియా వెళ్లిన విశాఖ యువకులు సైబర్ నేరగాళ్ల చేతుల్లో చిక్కుకున్నారు.

ఆదుకున్నదీ ఆ ఫోనే. 2024 జులైలో కువైట్ ఎడారిలో మేకలు కాస్తూ అవస్థ పడుతున్న తెలుగు కార్మికుడొకరు తన గోడు వీడియో తీసి పంపాడు. అది మంత్రి లోకేశ్ దృష్టికి వెళ్లడంతో ఇల్లు చేరగలిగాడు. కానీ అందరి వీడియోలూ మంత్రుల దాకా వెళ్లవు కదా!

ముందే చూసుకోండి

* ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.
* లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు.
* ‘విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం’ అంటే వద్దనండి.
* పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల కాపీలు ఇంట్లో ఉంచి వెళ్లండి. చిక్కొస్తే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

వీడియోలో కనిపించేవి ఆకాశాన్నంటే మేడలే. వాటిని కట్టే కూలీ పడుకునే గది కనిపించదు. అందుకే అప్పుచేసి డబ్బు కట్టకముందే, అక్కడ పనిచేస్తున్న మన ఊరివాళ్లకు ఒక్క ఫోన్ చేయండి. అసలు సంగతి వాళ్లే చెబుతారు.