ఇంట కూర్చుండి విమానమును దింపుట



ఈత నేర్వవలెనన్న నీటిలో దిగవలెను. గుఱ్ఱపుస్వారి నేర్వవలెనన్న గుఱ్ఱము నెక్కవలెను. విమానము నడుపుటకు మాత్రము విమానమక్కఱలేకయే కొంత విద్య యలవడుచున్నది. నేడు లోకమున ననేకులు తమ యింటిలోనే, బల్లమీది కంప్యూటరు నెదుట కూర్చుండి, తెరమీది మబ్బులలో విమానమును నడపి, కంటికి కానరాని నేలకు దానిని దింపుట నభ్యసించుచున్నారు. ఈ సాధనమునకు ఫ్లైట్ సిమ్యులేటరని పేరు. మనుమలు దీనియెదుట గంటలు గడుపుచుండగా "ఇది యేమి యాటరా!" యని పెద్దలు విసుగుకొనుటయు గలదు. ఆటయే, కాని యందులో నొక విద్య దాగియున్నది. దాని స్వరూపమును నేడు విన్నవించెదను.

ఆకాశము నిర్మలముగా నున్నంతవఱకు విమానచోదకుడు నేలయు నాకాశమును గలియు రేఖను జూచి, తన విమానము సమముగా నున్నదో, ఒఱిగియున్నదో తెలిసికొనును. మబ్బులో జొరబడిన క్షణమున నా రేఖ మాయమగును. అప్పుడు తన శరీరమే తనకు నిజము చెప్పునని యతడు తలచును. అదియే మోసము. మన చెవిలోపల ద్రవముతో నిండిన సన్నని గొట్టములు గలవు. తల తిరిగినపుడు ఆ ద్రవము వెనుకబడి, తిరుగుచున్నామన్న జ్ఞానమును గలిగించును. విమానము మెల్లగా, ఒకే తీరున చాలసేపు తిరిగినచో, ద్రవమును గొట్టముతోపాటు కదలుట కలవాటుపడి, అసలు తిరుగుటయే లేదని చెప్పును. బాలురు గుంజ పట్టుకొని గిరగిర తిరిగి యాగినపుడు నేల తిరుగుచున్నట్లు తోచుట మీరెఱిగినదే. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున, సాధనములను జూచి నడుపుట నేర్వని 20 మందిని, ప్రక్కన శిక్షకుని గూర్చుండబెట్టి, బయటి దృశ్యమును మఱుగుపఱచి పరీక్షించిరి. వారిలో నొక్కరును విమానమును నిలుపుకొనజాలరైరి. పట్టు తప్పుటకు సగటున బట్టిన కాలము 178 సెకండ్లు. మూడు నిమిషములైనను నిండలేదు!

కావున తన యింద్రియములను గాక యెదుటి ముల్లులను నమ్ముట చోదకుడు నేర్వవలసిన మొదటి పాఠము. ఆ ముల్లులకు మూలము బొంగరమే. వడిగా తిరుగు బొంగరము తన నిలువును విడువదు గదా! ఆ గుణము నాధారము చేసికొని లారెన్స్ స్పెర్రీ యను యువకుడు విమానమును దానంతట సమముగా నిలుపు యంత్రమును నిర్మించి, 1914 జూన్ మాసమున పారిస్ నగరమువద్ద, రెండు చేతులును పైకెత్తి, తన యంత్రజ్ఞుని ఱెక్కమీద నడువనిచ్చి, జనులకు జూపెను. అదియే ఆటోపైలటునకు తొలిరూపు. 1929 సెప్టెంబరు 24వ తేదిన జేమ్స్ డూలిటిల్ అను సైనికోద్యోగి న్యూయార్కు సమీపమున, తాను కూర్చున్న చోటికి ముసుగు వేయించుకొని, సాధనములను మాత్రమే చూచుచు విమానమును లేపి, త్రిప్పి, మరల దింపెను. ఆ సంవత్సరముననే ఎడ్విన్ లింక్ అను నతడు, తన తండ్రికిగల వాద్యముల కర్మాగారములోని గాలితిత్తులతో, నేలమీదనే కదలు శిక్షణయంత్రమును జేసెను. మొదట దానిని వినోదవస్తువుగానే చూచిరి. 1934లో అమెరికా సైనికవిమానములు తపాలా మోయబూని, చెడు వాతావరణమున ననేకులు మరణించిన పిమ్మట, సైన్యమే లింక్ యంత్రములను గొనెను. నేటి యింటి సిమ్యులేటరు దాని సంతతియే. మైక్రోసాఫ్ట్ వారిది 1982లో వెలువడెను. ఫ్లైట్‌గేర్ అనునది వెలలేకయే లభించును.

ఇక నభ్యాసక్రమము. సెస్నా 172 అను నాలుగు కుర్చీల చిన్న విమానముతో సామాన్యముగా నారంభింతురు. మొదట చేతితో నడుపుట చక్కగా వచ్చిన పిమ్మటనే ఆటోపైలటును ముట్టవలెను. పదచ్ఛేదము తెలియక తాత్పర్యము చెప్పబూనిన విద్యార్థికెట్టి గతి పట్టునో, చేతిపట్టు లేక మీట నొక్కువానికి నదే గతి. ఆటోపైలటునకు మీటలు పెక్కు. ఒకటి చెప్పిన దిక్కును నిలుపును. ఒకటి చెప్పిన యెత్తును నిలుపును. వేఱొకటి రేడియో చూపిన దారిని బట్టుకొనును. ఇది యాజ్ఞ పాలించు సేవకుని వంటిది. ఆజ్ఞ మంచిదా చెడ్డదా యని విచారింపదు. మీట నొక్కినంత మాత్రమున యంత్రమాజ్ఞను గ్రహించినదనియు ననుకొనరాదు. ఏ పని జరుగుచున్నదో, ఏది సిద్ధముగా వేచియున్నదో తెరమీద వ్రాసియుండును. మీట నొక్కిన ప్రతిసారియు దానిని జదువవలెను. ఇంకొక మాట: ఈ చిన్న విమానమున ఆటోపైలటు ఇంజను బలమును సవరింపదు. వేగమును గాచుకొను భారము చోదకుని చేతిదే.

దిగుదారిని జూపు ఏర్పాటునకు ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టం అని పేరు. రన్‌వే ఆవలి కొనయందుండి యొక రేడియోస్తంభము కుడియెడమలను దెలుపును. రన్‌వే ప్రక్కనుండి మఱియొకటి దిగవలసిన వాలును దెలుపును. ఒక్కొక్కదానినుండి సెకండునకు 90 సార్లు కంపించు నాదమొకటి, 150 సార్లు కంపించు నాదమొకటి రేడియో తరంగములపై వెలువడును. దారికి నొకప్రక్క నొక నాదము హెచ్చు, రెండవప్రక్క రెండవది హెచ్చు. నడిమిదారిలో రెండును సమానము. రెండు తట్టలు తూగినపుడు త్రాసుముల్లు నడుమ నిలుచునట్లు, విమానములోని ముల్లు నడుమ నిలుచును. వాలు సాధారణముగా మూడు డిగ్రీలు. 90 నాట్ల వేగముతో వచ్చు విమానము నిమిషమునకు సుమారు 480 అడుగులు దిగవలసియుండును. ఈ వాలును క్రిందినుండి వచ్చియే కలియవలెను; పైన నింతకంటె నిట్రమైన మిథ్యామార్గములు గలవు, మీదినుండి దిగువాడు వానిలో జిక్కుకొనవచ్చును.

ఎత్తును దెలుపు ఆల్టీమీటరు సముద్రమట్టమునుండి లెక్కించును. మన శంషాబాదు విమానాశ్రయము సముద్రమునకు సుమారు 2,000 అడుగుల మీద నున్నది. అక్కడ ముల్లు 2,200 చూపుచుండగా నేల యిన్నూఱడుగుల దూరముననే యున్నది! అంతియ కాదు, ఆనాటి గాలిపీడనమును దానికి సరిగా జెప్పవలెను. పది మిల్లీబార్లు తప్పు చెప్పినచో దాదాపు 300 అడుగుల తేడా వచ్చును. ఆటోపైలటు తప్పు లెక్కను గూడ నంతే శ్రద్ధతో పాలించును.

ఏమఱుపాటున నెంత నష్టము గలుగునో 1972 డిసెంబరు 29వ తేది రాత్రి అమెరికాలోని మయామి నగరముచెంత వెల్లడియైనది. ఈస్టర్న్ సంస్థవారి పెద్దవిమానము దిగబోవుచుండగా, ముందుచక్రము దిగినదని తెలుపు దీపము వెలుగలేదు. చోదకులు ఆటోపైలటు చేత 2,000 అడుగుల యెత్తు నిలిపియుంచి, అందఱును ఆ దీపమును బరీక్షించుటలో మునిగిరి. ఇంతలో నెత్తును నిలుపు నాజ్ఞ తెలియకయే తొలగిపోయినది. విమానము మెల్లమెల్లగా దిగసాగెను. హెచ్చరిక యొకసారి మ్రోగినను గమనించినవారు లేరు. బురదనేలపై బడి నూఱుమంది వఱకు మరణించిరి. చక్రము సరిగానే దిగియున్నది. చెడినది దీపము మాత్రమే. రాత్రివేళ బండివాడు నిద్రించినను ఎడ్లు దారి యెఱిగి యిల్లు చేరును. కాని మొన్నటి వానకు వంతెన కొట్టుకొనిపోయినదని ఎడ్లకేమి తెలియును?

ఇక కడపటి ఘట్టము. సామాన్యమైన యేర్పాటుగల రన్‌వేకు, నేలనుండి 200 అడుగుల యెత్తు నిర్ణయస్థానము. అక్కడ తలయెత్తి చూడవలెను. రన్‌వే గాని దాని దీపములు గాని కానవచ్చినచో ఆటోపైలటును విడిచి చేతితో దింపవలెను. కానరాకున్న, ఇంకొక్క క్షణము చూతమను నాశ పనికిరాదు. ఇంజనుకు పూర్తిబలమిచ్చి మరల పైకి లేవవలెను. తగిన సాధనములు, ప్రత్యేక శిక్షణయు గల పెద్దవిమానములు యంత్రముచేతనే నేల ముట్టవచ్చును. 1965లోనే బ్రిటిషు విమానమొకటి ప్రయాణికులతో లండనులో నట్లు దిగెను. చిన్నవిమానమున నా వసతి లేదు.

ఇంటి సిమ్యులేటరునకు లోపములు లేకపోలేదు. కుర్చీ కదలదు గనుక చెవి చేయు మోసమచట ననుభవమునకు రాదు, ప్రాణభయము నుండదు. దానియెదుట గడపిన గంటలు లైసెన్సునకు లెక్కకు రావు. కాని ముల్లులను వరుసగా జూచు నలవాటు, ఇచ్చిన యాజ్ఞను సరిచూచు నలవాటు, దిగరానపుడు దిగకుండు నిగ్రహము, ఈ మూడును అక్కడ నేర్వవచ్చును. పలకమీద తప్పు వ్రాసినచో చెఱిపి దిద్దుకొందుము. ఆకాశమున వ్రాసిన తప్పును జెఱుపుట కవకాశముండదు. సిమ్యులేటరు విమానవిద్యకు పలక వంటిది.

కావున మీ మనుమడు దాని నెదుట గూర్చున్నపుడు, ఎన్ని సార్లు దింపితివని యడుగకుడు. ఎన్ని సార్లు దింపక మరల పైకి లేపితివని యడుగుడు. మీరెపుడైన విమానప్రయాణము చేయునపుడు, నేల సమీపించిన విమానము తటాలున మరల పైకి లేచినచో భయపడకుడు. చోదకుడు తన యాశను గాక తన సాధనములను నమ్మినాడని యెఱుగుడు.