ఎనభై వేల ఫోనూ, వంకాయరంగు చీరా

2025 మార్చిలో ఒక మధ్యాహ్నం కొరియర్ కుర్రాడు వచ్చి, మేము పంపిన పార్సెలునే మళ్ళీ మా చేతిలో పెట్టి వెళ్ళాడు. విప్పి చూస్తే మా చీరే. మడత కూడా చెదరలేదు. పైన ఒక చీటీ: "ఫోటోలో కుంకుమరంగు చూపించారు. వచ్చింది వంకాయరంగు. పెళ్ళికూతురికి ఇదెలా కట్టమంటారు?"

మా శ్రీమతి ఆ చీటీని రెండుసార్లు చదివి, చీరతోపాటు బీరువాలో పెట్టేసింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. మాది బరంపురంలో గోసాని నువాగాం. నేను రిటైరయ్యాక ఇంట్లోనే పట్టుచీరల వ్యాపారం మొదలుపెట్టాం. 'మొదలుపెట్టాం' అని మర్యాదకి అంటున్నాను గాని, చేసేదంతా ఆవిడే. నావి లెక్కలూ, పార్సెలు కట్టడాలూను. బరంపురం పట్టు గురించి మన పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. అంచు మీద గోపురాల వరసలా లేచే ఫోడా కుంభ నేతకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎరిగున్న నేతగాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చీరలు తెచ్చి, వాట్సాప్‌లో ఫోటోలు పెడితే విశాఖపట్నం నుంచీ, రాయపూర్ నుంచీ, ఖరగ్‌పూర్ నుంచీ మనవాళ్ళు అడుగుతుంటారు. మాకు షాపు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఫోటో, మాట. ఫోటో అబద్ధమాడితే మాట కూడా అబద్ధమే గదా! ఆ చీర తిప్పి పంపినావిడ ఖరగ్‌పూర్‌లోని మనవాళ్ళందరికీ తెలిసిన మనిషి. పోయింది రానూపోనూ కొరియరు ఖర్చు ఒక్కటే అయితే బాధ లేకపోయేది.

"తప్పు అమ్మది కాదు నాన్నా, ఆ ఫోనుది" అంది మా అమ్మాయి. మా శ్రీమతి ఫోను అయిదేళ్ళ కిందట తొమ్మిది వేలకి కొన్నది. లెన్సు మీద గీతలు పడ్డాయి. సాయంత్రం దాటితే ప్రతి చీరా బూడిదరంగే. "కొంటే మంచిదే కొనండి. ఐఫోన్ 16 గాని, శాంసంగ్ గెలాక్సీ ఎస్ 25 గాని" అని కూడా తనే తేల్చేసింది.

ధరలు విన్నాక నాకు కాసేపు మాట రాలేదు. 2024 సెప్టెంబరులో విడుదలైన ఐఫోన్ 16, 128 జీబీది, రూ. 79,900. 2025 జనవరిలో వచ్చిన ఎస్ 25, 256 జీబీది, రూ. 80,999. మా దగ్గర చీటీ పాడిన డబ్బు సరిగ్గా ఎనభై వేలుంది. అది డాబా మీది గది కప్పు కారుతుంటే, వానలు పడేలోగా బాగు చేయించడానికి దాచినది. చీరకు ఎనిమిది వందలు మిగిలితే మాకు గొప్ప. అంటే ఫోను ఖరీదు రాబట్టాలంటే వంద చీరలు అమ్మాలి. కాగితం మీద వేసి చూపించాను. మా శ్రీమతి ఆ కాగితం చూడకుండానే, "ఏమండీ, కప్పు కారితే కింద బిందె పెట్టుకోవచ్చు. పేరు పోతే ఏం పెడతారు?" అంది.

ఇక వాదన లేదు. మిగిలింది ఏది కొనాలన్నదే.

వారం రోజులపాటు నేను చదివిన చదువు డిగ్రీకి కూడా చదవలేదు. చదివినకొద్దీ తెలిసిందేమంటే, ఫోన్లను పోల్చేవాళ్ళు మనకు కావలసింది తప్ప అన్నీ పోలుస్తారు. శాంసంగ్ తెర సెకనుకు 120 సార్లు మారుతుందట, ఐఫోన్ 16 తెర 60 సార్లేనట. దుకాణంలో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మా అమ్మాయికి తేడా స్పష్టంగా కనిపించింది, నాకు కనిపించలేదు. బరువు 162 గ్రాములూ, 170 గ్రాములూ. రెండూ నీళ్ళకు తట్టుకునేవే. రెండింటి పెట్టెల్లోనూ ఛార్జరు ఉండదు; ఎనభై వేలు పోసి కొన్నవాడు ఛార్జరు కోసం మళ్ళీ జేబులో చెయ్యి పెట్టాలి. మా కాలంలో ట్రాన్సిస్టరు కొంటే బ్యాటరీ సెల్లులు వేసి, మోగించి చూపించి మరీ ఇచ్చేవారు. సరే, పోనివ్వండి.

మా శ్రీమతి ఏమీ చదవలేదు. దుకాణానికి బయలుదేరేటప్పుడు బీరువా తీసి మూడు చీరలు సంచిలో పెట్టుకుంది: ఒకటి పచ్చది, ఒకటి నెమలికంఠం, మూడోది ఆ తిరిగొచ్చిన చీర.

గేట్ బజార్ వైపు ఉన్న ఆ దుకాణంలో కుర్రాడు ఒడియా వాడే గాని తెలుగు ధారాళంగా మాట్లాడాడు. మన బరంపురం గదా! గాజుబల్ల మీద చీరలు పరుస్తుంటే మాత్రం వాడికి మాట పడిపోయింది. "మౌసీ, ఇది ఫోన్ల షాపు" అన్నాడు. "అందుకే తెచ్చాను బాబూ" అందావిడ.

దుకాణం లోపల తెల్లటి ఎల్.ఇ.డి. దీపాలు. రెండు ఫోన్లతోనూ ఎర్ర చీరను తీశాం. రెండింట్లోనూ రంగు తప్పే! ఒకదాంట్లో ఇటుకరాయి, ఇంకోదాంట్లో బీట్‌రూటు. నా గుండె గుభేలుమంది. ఎనభై వేల ఫోను కూడా అబద్ధమాడితే ఇంక దిక్కేది?

అప్పుడు నేను చదివిన చదువు కొంత పనికొచ్చింది. మన కన్ను ఏ వెలుగులో ఉన్నా సర్దుకుని తెలుపును తెలుపుగానే చూస్తుంది. కెమెరాకు ఆ తెలివి లేదు. ఎదురుగా ఉన్న రంగుల్ని బట్టి వెలుగు ఎలాంటిదో ఊహిస్తుంది. ఫోటో నిండా ఎర్ర చీరే ఉంటే, వెలుగే ఎర్రగా ఉందనుకుని దాన్ని తగ్గించబోతుంది. పైగా చౌక ఎల్.ఇ.డి. దీపాల్లో ముదురు ఎరుపు వెలుగు తక్కువ. దీపంలో లేని ఎరుపు చీర మీద ఎక్కడినుంచి కనబడుతుంది? మా ఇంట్లో చీరలు ఫోటో తీసే ముందుగదిలో ఉన్నదీ అలాంటి దీపమే.

చీరల్ని గుమ్మం బయటకు తెచ్చి, నీడపట్టున ఎండ తగలకుండా పరిచి, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి మళ్ళీ తీశాం. దారిన పోయేవాళ్ళు నలుగురు చీరల బేరానికి ఆగారు కూడా. ఈసారి ఐఫోన్ తీసిన ఎరుపు దాదాపు కంటికి కనిపించినట్టే ఉంది. శాంసంగ్‌ది ఒక పాలు ఎక్కువ మెరిసింది. అయితే ఆ మెరుపులో కొంత ఫోటోది కాదు, తెరది. శాంసంగ్ తెరకు 'వివిడ్', 'నేచురల్' అని రెండు పద్ధతులున్నాయి. కొత్త ఫోను మొదటి పద్ధతిలో ఉంటుంది. రెండోదానికి మార్చగానే రంగు తగ్గింది. ఐఫోన్‌లోనూ 'ట్రూ టోన్' అని ఒకటి ఉంది. అది గదిలోని వెలుగును బట్టి తెర రంగును మారుస్తుంది. పుస్తకం చదువుకోవడానికి హాయిగా ఉంటుంది గాని, చీరల వాళ్ళు దాన్ని ఆపేసుకోవాలి.

నెమలికంఠం చీర దగ్గర రెండూ చేతులెత్తేశాయి. పడుగొక రంగు, పేక ఒక రంగు. చూసే కోణాన్ని బట్టి నీలమూ ఆకుపచ్చా మారుతుంటాయి. అలాంటిదాన్ని ఫోటో ఏ రంగని చూపిస్తుంది? వీడియో తీసి, కొంగును మెల్లగా తిప్పితేనే న్యాయం. వీడియోలో ఐఫోన్ నాకు నచ్చింది. జరీకి దగ్గరగా తీసినప్పుడూ అదే గెలిచింది; దాని వెడల్పు కెమెరా ఫోకసు మార్చుకుని, వేలెడు దూరం నుంచి కూడా పోగు పోగూ చూపించింది. ఎస్ 25లోని వెడల్పు కెమెరా ఆ పని చెయ్యదు. దానికి బదులు మూడు రెట్లు దగ్గరగా చూపే వేరే లెన్సు ఉంది. చీరను దండెం మీద ఆరేసి, రెండు బారల దూరం నుంచి అంచు ఒక్కదాన్నీ తియ్యడానికి అది బాగుంది. ఐఫోన్ 16కి అలాంటి లెన్సు లేదు. పెద్ద ఫోటోలో నడిమి భాగాన్ని కత్తిరించి రెండు రెట్లు చూపిస్తుంది.

నేను ఐఫోన్ పక్షాన నిలిచాను. మా అమ్మాయి మొదటినుంచీ ఆ పక్షమే. ఠాకురాణి యాత్రలో రాత్రిపూట వేషాలు ఎంత బాగా వస్తాయో అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది. యాత్ర వచ్చేది రెండేళ్ళకొకసారి అని గుర్తు చేశాను.

మా శ్రీమతి మాత్రం సంచిలోంచి తన పాత ఫోను తీసింది. "ఆ రెండు ఫోటోలూ దీనికి పంపించు బాబూ" అంది. శాంసంగ్ నుంచి చిటికెలో వచ్చింది. ఐఫోన్ నుంచి రావడానికి కుర్రాడు మెయిలు అనీ ఇంకేదో అనీ కాసేపు తంటాలు పడ్డాడు. రెండు ఫోటోలూ ఆ గీతలు పడ్డ ఫోనులో ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూస్తే, నిజం చెప్పాలంటే, ఏది ఏదో నేను పోల్చుకోలేకపోయాను.

"కొనేవాళ్ళ దగ్గర ఎనభై వేల ఫోన్లుండవు కదండీ. వాళ్ళు చూసేది ఇలాంటి దాంట్లోనే" అంది.

నేను వారం రోజులు చదివిన ఏ పోలికలోనూ ఈ మాట లేదు. రంగు దగ్గర రెండూ సమానమని తేలిపోయింది. ఇక మిగతావి చూసుకున్నాం. వెయ్యి రూపాయలు ఎక్కువైనా శాంసంగ్‌లో చోటు రెట్టింపు. వీడియోలు తీసేవాళ్ళకు 128 జీబీ ఎన్నాళ్ళో రాదు. వీడియో చూస్తే ఐఫోన్ 22 గంటలు, ఎస్ 25 29 గంటలు నడుస్తుందని ఆ కంపెనీల లెక్క. ఇది మనకు చిన్న విషయం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక కరెంటు లేకుండా గడిపిన రోజులు ఎవరు మరిచిపోతారు? ఏడేళ్ళపాటు కొత్త ఆండ్రాయిడ్‌లు ఇస్తామని శాంసంగ్ మాట ఇచ్చింది. ఐఫోన్ కూడా ఇందులో తక్కువది కాదు. 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్‌కు 2024లోని ఐ.ఓ.ఎస్. 18 కూడా అందింది. పాతబడ్డాక అమ్ముకుంటే ఐఫోన్‌కే ధర ఎక్కువని కుర్రాడు అన్నాడు. మేము ఫోనును అమ్మేదాకా ఉంచం, పాడయ్యేదాకా ఉంచుతాం.

తెలుగు సంగతి మాత్రం ఆవిడ స్వయంగా పరీక్షించింది. తను రంగుల పేర్లు తెలుగులోనే రాస్తుంది. రెండు ఫోన్లలోనూ తెలుగు మీటలున్నాయి, చక్కగా పడ్డాయి. ఫోను మొత్తం తెలుగులోనో ఒడియాలోనో కనిపించేలా పెట్టుకునే వీలు ఐఫోన్‌కు 2025 వసంతంలో, ఐ.ఓ.ఎస్. 18.4తోనే వచ్చింది. శాంసంగ్‌లో అంతకు ముందునుంచే ఉంది. ఈ సందర్భంలో ఒక ముచ్చట. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్లను ప్రపంచమంతా హడలగొట్టింది. అది ఉన్న సందేశం వస్తే ఆ యాప్ మూతబడిపోయేది. ఆ నెల 19న ఐ.ఓ.ఎస్. 11.2.6 ఇచ్చి సరిచేశారు. ఈ కథ చెబితే మా శ్రీమతి ఐఫోన్‌లో 'జ్ఞాపకం' అని రాసి, కాసేపు జాగ్రత్తగా చూసింది. ఏమీ కాలేదు.

చివరికి ఎస్ 25 తీసుకున్నాం. మా అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంది. డాబా మీద ఆ వానాకాలమంతా తార్పాలిన్ కట్టుకున్నాం.

ఇలాంటి పని మీద ఫోను కొనాలనుకునే మన ఆడపడుచులకు, మేము డబ్బు పోసి నేర్చుకున్నది చెబుతాను. ఫోటో పొద్దున్న తొమ్మిదింటికి, వీధిగుమ్మం నీడలో తియ్యండి. పక్కన తెల్ల గుడ్డ ముక్క పెట్టండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్.డి. అన్నది నొక్కండి. ఈ సౌకర్యం 2023 నుంచీ ఉంది. నొక్కకపోతే ఎంత మంచి కెమెరా తీసినా ఫోటో నలిగిపోయి వెళుతుంది. ఫోటో కింద రంగు పేరు తెలుగులో రాయండి. ఖరీదైన చీరైతే మా శ్రీమతి ఇంకో పని కూడా చేస్తోంది. నేతగాడి దగ్గర మిగిలిన పోగులు నాలుగు అడిగి తెచ్చి, కవరులో పెట్టి ముందు పోస్టులో పంపిస్తుంది. అది చూసుకుని 'సరే' అన్నాకే చీర బయలుదేరుతుంది. ఈ ఉపాయానికి అయిదు రూపాయల స్టాంపు చాలు. ముందే తోచి ఉంటే కప్పు బాగుపడేదని ఒకసారి నోరుజారి అన్నాను. మళ్ళీ అనలేదు.

ఖరగ్‌పూర్ ఆవిడకు కొత్త ఫోనుతో అదే చీరను గుమ్మంలో తీసి, ఇదీ అసలు రంగు, క్షమించండి అని రాసి పంపింది. రెండు రోజులకు జవాబొచ్చింది: "ఇలా ముందే చూపించి ఉంటే మా అత్తగారికి తీసుకునేదాన్ని. పచ్చరంగులో ఏమైనా ఉన్నాయా?" పచ్చది వెళ్ళింది, తిరిగి రాలేదు.

వంద చీరల లెక్కకు నా నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించాను. ఇప్పటికి ముప్పై ఏడు. వంకాయరంగు చీర మాత్రం బీరువాలోనే ఉంది. ముగ్గురు అడిగారు. ఆవిడ ఇవ్వలేదు, వచ్చే సంక్రాంతికి తనే కట్టుకుంటుందట.