ఆటపటముల వారము

మన పెద్దల కాలమున మధ్యాహ్న భోజనములై వంటయిల్లు సర్దుకొన్న పిదప, గవ్వలును చింతపిక్కలును సుద్దముక్కయును బయటికి వచ్చుచుండెడివి. ఆ యాటలు నేటికిని కొందఱి యిండ్లలో నున్నవి. వాని నాడుకొనుటయే గాక, పటములను గూడ మన చేతులతోనే సిద్ధపఱచుకొనినచో వేసవిలో ఒక వారము ఎట్లు గడచునో మా యింట జరిగినదానిని బట్టి సోదరీమణులకు తెలుపుచున్నాను.

సోమవారమున అష్టాచెమ్మతో మొదలిడితిమి. దీనికి పటమే యక్కఱలేదు. నేలపై ఐదైదులు 25 గళ్లు గీచి, నాలుగు ప్రక్కల నడిమి గళ్లలోను నట్టనడిమి గడిలోను అడ్డగీతలు వేసిన చాలును. నాలుగు గవ్వలును వెల్లకిల పడినచో చెమ్మ, అనగా 4. నాలుగును బోర్ల పడినచో అష్ట, అనగా 8. మంగళవారము వామనగుంటలు. రెండు వరుసలలో ఏడేసి గుంటలున్న పాత కొయ్యపలక అటుకమీద దొరికినది. గుంటకు ఐదేసి చొప్పున 70 చింతపిక్కలు ఏరుటలోనే పిల్లలకు పూట గడచినది.

బుధవారమునుండి మూడు దినములు పచ్చీసునకే చెల్లినవి. పచ్చీసనగా హిందీలో ఇరువదియైదు. ఆటలోని పెద్ద పందెము పేరే ఆటకు పేరైనది. ఫతేపురసిక్రీలో రాతినేలపై పఱచిన పచ్చీసు గళ్లు నేటికిని కనబడును. అక్బరు పాదుషా అచట మనుష్యులనే కాయలుగా నిలిపి యాడించెడివాడని చెప్పుదురు. ఇంగ్లండులో 1896 సంవత్సరమున పేటెంటు పొందిన లూడో దీని కుదింపే. అంగడిలో అట్టమీద అచ్చువేసి అమ్మునది మన పచ్చీసునకు మనుమరాలన్నమాట!

ముదురెఱుపు నూలుగుడ్డ గజము చదరము తీసికొంటిమి. నడుమ ఒక పెద్ద గడి, దానికి నాలుగు దిక్కుల నాలుగు బాహువులు. ఒక్కొక్క బాహువునకు అడ్డముగా 3, నిలువుగా 8, వెరసి 24 గళ్లు. అన్నియు గలిసి 96. గడి అంగుళమున్నర యుండవలెను. గీతలకు దళసరి పసుపుదారముతో గొలుసుకుట్టు వేసితిమి. కాయను చంపరాని గళ్లు బాహువునకు మూడు చొప్పున 12. వానిలో రవికెగుడ్డల ముక్కలతో పువ్వులు కుట్టితిమి. కాయలు 16, నాలుగు రంగులవి, ఏటికొప్పాక లక్కపనివి. అంకుడుకఱ్ఱను తిరుగుడుపట్టుచు లక్క పూయుదురు గావున రంగు నున్నగా నంటుకొని యుండును.

గొలుసుకుట్టును నేను అందమునకై యెంచుకొంటిని గాని దాని యుపయోగము పిదప తెలిసినది. మా యత్తగారికి 84 ఏండ్లు. చూపు చాలవఱకు తగ్గినది. సుద్దగీతలు కానరాక సోమవారము దూరముగా కూర్చుండి వినుచుండిరి. శుక్రవారము పటము పఱచగానే వ్రేళ్లతో కుట్టును తడవి గళ్లు లెక్కించుకొనుచు, తన కాయను తానే నడుపుకొనిరి. గవ్వలను కూడ తాకియే లెక్క చెప్పిరి. ఆ సాయంకాలము రెండాటలును వారివే.

వారి పుట్టినిల్లు కోనసీమ, నాది కరీంనగరము. ఆట ఒక్కటే యైనను కట్టుబాట్లు వేఱు. వారియింట రెండు కాయలు ఒక గడిలో జంటపడినచో మఱియొక జంట వచ్చినగాని చావవు. మాయింట ఆ నియమము లేదు. ఆఱు గవ్వలును బోర్లపడిన 25, ఒక్కటి మాత్రమే వెల్లకిల పడిన 10 అనుటలో మాత్రము భేదము లేదు. గవ్వ రెండువైపులకును సమముగా పడుననుకొన్నచో 64 విధములలో మూడు వెల్లకిల పడునవి 20, అన్నియు బోర్ల పడునది ఒక్కటే. మా పెద్దమ్మాయి ఈ లెక్క కట్టి చూపగా, “అది మాకు చదువు లేకయే తెలుసునే, తల్లీ!” అనిరి అత్తగారు. వారితో నాడిన చెలికత్తె లెవ్వరును ఇప్పుడు లేరు. అందుచేత వారు చెప్పిన నియమములను ఒక పుస్తకమున వ్రాసికొంటిని. ఇప్పటికి పదునొకండు పుటలైనది. మీ యిండ్లలోని పెద్దలను కూడ ఈ వేసవిలోనే అడిగి వ్రాసికొనుడు.

శనివారము వైకుంఠపాళి. ఏకాదశి జాగరణములలో దీనిని రాత్రియంతయు నాడెడివారు. నిచ్చెనల మొదట భక్తి, జ్ఞానము మొదలగు పేర్లును, పాముల తలలయొద్ద అసురుల పేర్లును వ్రాయుదురు. సీమకు పోయిన పిదప దీనిలోని వైకుంఠము పోయి, పాములు నిచ్చెనలు మాత్రము మిగిలినవి. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఇట్టి యాటల యెడ మిక్కిలి మక్కువగలవాడై క్రొత్తవి కూడ కల్పించెను.

ఈ పటమును కలంకారీ పద్ధతిని వ్రాసితిమి. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో తెల్లగుడ్డను ముంచి, పిండి యెండబెట్టవలెను. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. బెల్లము, త్రుప్పుపట్టిన యినుము నీట పులియబెట్టిన కసిము కరక్కాయను తాకగానే నల్లబడును. దీనికి పక్షము దినములకు పైగా పట్టును గనుక ముందుగనే కుండలో వేసియుంచితిమి. వాసనకు జడిసి కుండను పెరటిలో పెట్టుట మేలు! వెదురు కలమునకు గుడ్డ చుట్టి, దానిని వ్రేళ్లతో నొక్కుచు గీయవలెను. మా పాములు రెండు వానపాములవలె వచ్చినవి. పిల్లలు వానినే మెచ్చుకొనిరి.

ఆదివారము పులిజూదమునకు పూట చాలినది: పులులు మూడు, మేకలు పదునైదు. వైకుంఠపాళి గుడ్డ ఆరినపిదప పాఱునీటిలో జాడించి నీడలో నారవేయుడు; మొదటి ఉదుకునకు సబ్బు తగిలింపవద్దు.