సర్కారు కట్టిన ఫీజు, మనం కట్టిన ఫీజు

అక్కలారా, బిడ్డ పదో తరగతి పాసైంది. పై చదువుకు వికారాబాదో తాండూరో పోతానంటుంది. ఫీజు మాట వినగానే మనకు గుండె దడ. "స్కాలర్‌షిప్ వస్తదిలే" అంటారు ఇరుగుపొరుగు. వస్తుంది. కానీ అది ఒకటి కాదు, రెండు.

మొదటిది ఫీజు డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంటు అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైంది. ఇది మామూలుగా కాలేజీ ఖాతాలోకి పోతుంది. రెండోది బిడ్డ తిండికి, ఖర్చులకు ఇచ్చేది. ఇంటి నుంచి పోయి చదివే పిల్లలకు ఇది వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడుతుంది.

దరఖాస్తు ఈ-పాస్‌లో కంప్యూటరు మీద పెట్టాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో అడగాలి. తహసీల్దారు ఆఫీసు ఇస్తుంది. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, బ్యాంకు పుస్తకంలో బిడ్డ పేరు ఒకే తీరుగా ఉందా? మీరే చదివి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా పని ఆగవచ్చు. హాజరు నూటికి 75 ఉండాలి. ఏడాదికోసారి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

ఇప్పుడు లెక్క. కాలేజీ ఫీజు 50,000 రూపాయలు అనుకుందాం. సర్కారు మంజూరు చేసింది 35,000. మన వాటా 15,000. అంతే.

కానీ సర్కారు డబ్బు ఆలస్యమవుతుంది. బాకీలు ఇవ్వాలని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బందు కూడా పెట్టాయి. అందుకే కొన్ని కాలేజీలు "ముందు మొత్తం మీరే కట్టండి, సర్కారు డబ్బు వచ్చాక తిరిగి ఇస్తాం" అంటాయి. కొన్ని చోట్ల ఫీజు బాకీ ఉందని టీసీ, మెమోలు ఆపుతారు. బండల పాలిషింగుకు పోయి, కంది చేలల్లో కూలి చేసి కూడబెట్టిన డబ్బు అది. నోటిమాట మీద ఇవ్వకండి. రసీదు తీసుకోండి. ఎంత, ఎందుకు, ఏ తారీఖు అని అందులో రాసి ఉండాలి. 50,000 కట్టి ఉంటే, తర్వాత 35,000 వెనక్కి అడగడానికి ఆ రసీదే ఆధారం.

"మరి ఆదాయపు పన్ను?" అని మా కేంద్రంలో ఒక వదిన అడిగింది. మంచి ప్రశ్నే. చదువు ఖర్చుకు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. సర్కారు ఫీజు వచ్చే ఇళ్ల ఆదాయం తక్కువ కనుక వాళ్లకు పన్ను బాధ ఉండదు. నెల జీతం ఉన్నవారి సంగతి వేరు. వాళ్ల పిల్లలకు ఏదో ప్రతిభా స్కాలర్‌షిప్ వస్తుంది. పాత పద్ధతిలో పన్ను కట్టేవారు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజును ఆదాయంలోంచి తీసి చూపించవచ్చు. బీమా, పీఎఫ్ వంటివన్నీ కలిపి 1,50,000 దాకానే. కొత్త పద్ధతిలో ఈ తగ్గింపు లేదు. అయితే చూపించాల్సింది చేతి నుంచి కట్టినదే. పై లెక్కలో 15,000 మాత్రమే, 50,000 కాదు. హాస్టలు, బస్సు, డొనేషను ఇందులోకి రావు.

దరఖాస్తు నంబరు నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. డబ్బు మంజూరైందా లేదా అని ఆ నంబరుతోనే తెలుస్తుంది. కాలేజీ జవాబు చెప్పకపోతే సోమవారం వికారాబాదు కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది. అర్జీ మీరే రాయండి, రసీదు నకలు జతచేయండి. అసలు రసీదు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.